బోల్డంత అల్లరి

మా ఆవిడ వసుంధరకి నోట్లో నాలుక లేదని మా అత్తగారు పెళ్ళిచూపుల రోజునే చెప్పారు. ఆవిడ దాన్ని సుగుణాల కింద చెప్పారు, నేనూ అలాగే విన్నాను. అటువంటి మనిషి పదిహేనేళ్ళ తర్వాత ఐర్లండ్‌లో ఒక పల్లెటూళ్ళో పద్నాలుగు మంది పసిపిల్లల తల్లిదండ్రుల చేత ఒక కాగితం మీద సంతకాలు పెట్టించింది. "మా బిడ్డను బళ్ళోనూ ఇంట్లోనూ అన్ని వేళలా అల్లరి చేసేలా ప్రోత్సహించడానికి నాకు సమ్మతమే" అని ఆ కాగితానికి అర్థం. పద్నాలుగు మందీ సంతకం పెట్టారు. ఇదేమిటమ్మా అని ఒక్కరూ అడగలేదు.

ఆ కాగితం టైపు చేసింది నేను. స్పెల్లింగులు సరిచూసిందీ నేనే. కాబట్టి ఈ కథ చెప్పే హక్కూ, మధ్యమధ్యలో తిట్లు తినే బాధ్యతా నావే.

కరోనాకి ముందు మేం డబ్లిన్ శివార్లలో లూకన్‌లో ఉండేవాళ్ళం. నేను పొద్దున్నే లెపర్డ్స్‌టౌన్‌లో ఉన్న ఆఫీసుకి పడుతూ లేస్తూ వెళ్ళేవాణ్ణి. మా అమ్మాయి లోహిత అక్కడే బడికెళ్ళేది. వసుంధర మా వీధిలో ఉన్న చిన్నపిల్లల బడిలో సాయానికి వెళ్ళి, ఆ పని మీద ఇష్టం పెంచుకుని, ఇంట్లో నుంచి చదివే డిగ్రీలో చేరింది. పసిపిల్లల చదువు మీద డిగ్రీ. మూడేళ్ళ పిల్లాడు ఇసకలో చెంచా ఎందుకు గుచ్చాడో ఇరవై పేజీలు రాయాలి. ఇదీ ఒక చదువేనా అని మొదట్లో నవ్వాను. నవ్విన నాపచేను పండడం తర్వాత చూశాను.

ఆ చదువు రెండుసార్లు ఆగింది. ఒకసారి మా అమ్మాయికి ఆపరేషన్ అయినప్పుడు, రెండోసారి 2020లో మా ఇంటి లీజు అయిపోయి ఓనరు ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు. ఆఫీసు ఎలాగూ ఇంటికే వచ్చేసింది, ఎక్కడుంటే ఏమిటని రాస్‌కామన్ కౌంటీలో డ్రమ్‌కారా అనే ఊళ్ళో ఇల్లు తీసుకున్నాం. ఊరంటే ఒక చర్చి, ఒక హాలు, ఒక కొట్టు, మూసేసిన ఒక పబ్బు. మిగిలినదంతా గడ్డి, ఆ గడ్డి మీద ఆవులు. మా ఇంట్లో ఇంటర్నెట్ మెట్ల పైమలుపు దగ్గర తప్ప ఎక్కడా సరిగ్గా అందేది కాదు. నా మీటింగులూ వసుంధర క్లాసులూ ఆ మెట్ల మీదే, వంతుల వారీగా.

కాలేజీ వాళ్ళు స్పష్టంగా రాశారు: రెండు వాయిదాలే. 2021 జూన్‌లోగా ఆఖరి ప్రాజెక్టు చేసి, ట్యూటరు ముందు మౌఖిక పరీక్షలో నెగ్గితే డిగ్రీ. లేకపోతే నాలుగేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. వసుంధరకి అప్పటికి నలభై దాటాయి. "ఇప్పుడు పోతే నేను మళ్ళీ మొదలెట్టలేనండీ" అని ఒక్కసారే అంది. ఆవిడ ఒక్కసారి అంటే వందసార్లు అన్నట్టు.

డ్రమ్‌కారా హాల్లోనే పిల్లల బడి. నడిపేది బ్రీడా అనే ఆవిడ, అరవై దాటిన మనిషి, గొంతు ఊరవతలికి వినిపిస్తుంది. వసుంధరని పనిలోకి తీసుకున్న రోజున, లోపల ఓషీన్ ఉన్నాడు చూడు, ప్రెస్‌లో ఉంటాడు అందిట. ప్రెస్ అంటే మనకి స్కూటరు మీద స్టిక్కరు. పిల్లాడు పేపర్లో పడ్డాడు కాబోలని ఈవిడ సంతోషించింది. తీరా చూస్తే ఇక్కడ ప్రెస్ అంటే బీరువా. హాల్లో కుర్చీలు పేర్చే పెద్ద గోడబీరువా ఉంది. నాలుగేళ్ళు నిండని ఆ పిల్లాడు రోజూ రావడం, అందులో దూరడం, తలుపు ఓరగా వేసుకోవడం, లోపలే బ్రెడ్డు తినడం, వేళయ్యాక చేతులు కడుక్కుని ఇంటికి పోవడం. ఏడవడు, మారాం చెయ్యడు, మాట్లాడడు.

వాళ్ళమ్మ ఈఫా ముసలివాళ్ళ నర్సింగ్ హోములో పని చేస్తుంది. మొదటి లాక్‌డౌన్ నాటికి వాడికి రెండున్నరేళ్ళు. డ్యూటీ నుంచి వచ్చిన తల్లి బట్టలు మార్చుకునేదాకా దగ్గరికి రాకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు, బయట పిల్లలు కనిపిస్తే ఆగిపోవాలి అని నేర్పారు. వాడు బుద్ధిగా నేర్చుకున్నాడు. మరీ బుద్ధిగా నేర్చుకున్నాడు.

మిగతా పిల్లలూ తక్కువేం కాదు. బొమ్మకి రోజుకి నలభైసార్లు చేతులు కడిగేవాళ్ళు. ఒకడు క్రేయాను పట్టుకుని ప్లాస్టిక్ గొర్రె ముక్కులో పొడిచి, నీకు పాజిటివ్ వచ్చింది, ఇంటికెళ్ళు అనేవాడు. గేటు దగ్గర కొత్త మనిషి కనిపిస్తే అందరూ బిర్రబిగుసుకుపోయేవాళ్ళు. ఇవన్నీ చూసి వసుంధర ప్రాజెక్టు నిర్ణయించుకుంది. ఈ పిల్లలకి ధైర్యం నేర్పాలి. బురదలో దూకే ధైర్యం, గట్టిగా మాట్లాడే ధైర్యం, అన్నిటికీ మించి వద్దు అనిపిస్తే వద్దు అనే ధైర్యం.

ఆ ఉదయం కాఫీ దగ్గర నన్ను అడిగింది.

"ఏవండీ, ధైర్యానికి ఇంగ్లీషులో మంచి మాట చెప్పండి. బ్రేవ్ అంటే పిల్లల్ని యుద్ధానికి పంపిస్తున్నట్టుంది."

"కాన్ఫిడెంట్ అని పెట్టు."

"క్లాసులో అందరూ అదే పెట్టారండి."

"అయితే బోల్డ్ అని పెట్టు. చిన్న మాట, గట్టి మాట."

మా కాకినాడ కాలేజీలో స్టేజీ ఎక్కి తడుముకోకుండా మాట్లాడే అమ్మాయిని ప్రిన్సిపాల్ గారు వెరీ బోల్డ్ గర్ల్ అని మెచ్చుకునేవారు. పైగా మన తెలుగులో బోల్డు అంటే బోలెడు, అదీ శుభమే. ఐర్లండ్‌లో మాత్రం చిన్నపిల్లని పట్టుకుని బోల్డ్ అంటే అల్లరిపిల్ల, చెప్పిన మాట వినని పిల్ల అని అర్థం. ఇక్కడ పుట్టిన ప్రతి మనిషీ ఆ మాటతో చెవి మెలిపెట్టించుకున్నవాడే. మాకు ఈ సంగతి తెలీదు. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాం, తెలీదు.

బల్ల దగ్గర ఒక మనిషికి తెలుసు. పదకొండేళ్ళ లోహిత టోస్టు కొరకబోయి ఆగింది. నన్ను చూసింది, వాళ్ళమ్మని చూసింది. తర్వాత తల దించుకుని టోస్టు తింది. ఎందుకు ఊరుకుందో తర్వాత తెలిసింది.

ప్రాజెక్టు పేరు 'బోల్డ్ పిల్లల్ని పెంచడం'. ట్యూటరు పేరు డాక్టర్ ఓర్లా. ఆవిడ ఆ ప్రతిపాదన చదివి పక్కన ఒకే ఒక్క మాట రాసింది: ప్రొవొకేటివ్! వసుంధర డిక్షనరీ తీస్తే రెచ్చగొట్టేది అని ఉంది. "నేనెవర్ని రెచ్చగొట్టానండీ?" అని బెంబేలెత్తిపోయింది. అది మెచ్చుకోవడమేనని, చివర ఆశ్చర్యార్థకం ఉంది చూడమని ధైర్యం చెప్పాను. చెప్పొద్దూ, అక్కడ నేను కరెక్టే. ఐరిష్ పిల్లల్ని తరతరాలుగా అణిచిన మాటని ఈ విద్యార్థిని కావాలనే తలకిందులు చేస్తోందని డాక్టర్ ఓర్లా అనుకుంది.

సంతకాల కార్యక్రమం గేటు దగ్గర జరిగింది. కరోనా రూల్సు ప్రకారం పెద్దవాళ్ళు లోపలికి రాకూడదు, రెండు మీటర్లు దూరం. ఇటు పక్క వసుంధర మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం. అటు పక్క మాస్కులో వాళ్ళు. మధ్యలో రాస్‌కామన్ గాలి. మాట వినపడక అందరూ బొటనవేలు చూపించుకునేవాళ్ళు. మొదటి సంతకం కాహల్‌ది. ఆవుల రైతు, ఫీయా అనే నాలుగేళ్ళ పిల్లకి తండ్రి. కాగితం చదివాడు. వసుంధరని చూశాడు. మళ్ళీ చదివాడు.

"ఇంటి దగ్గర కూడానా?" అని అరిచాడు.

"ఇంటి దగ్గర ఎక్కువగా!" అని ఈవిడ ఉత్సాహంగా అరిచింది.

"గ్రాండ్" అని సంతకం పెట్టాడు.

గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, సర్లే, ఇక వదిలెయ్ అని ఇక్కడ అర్థం. ఆ ఒక్క మాట తెలుసుకుని ఐర్లండ్ భాషంతా వచ్చేసిందనుకున్నాం మేం. ఈ ఊళ్ళో వాళ్ళు ఎదటి మనిషిని నొప్పించే మాట అనరు. కుర్చీకి కాలు తగిలితే కుర్చీకి సారీ చెప్పే రకం. డబ్లిన్ నుంచి వచ్చిన టీచరమ్మ నవ్వుతూ కాగితం ఇస్తే, ఇది గవర్నమెంటు కొత్త పద్ధతి కాబోలు, కరోనా తర్వాత పిల్లల్ని ఇలాగే పెంచాలి కాబోలు అనుకుని వరసగా గ్రాండ్, గ్రాండ్ అని పెట్టేశారు. ఈఫా ఒక్కత్తే కారులో కూర్చుని ఆ కాగితం మూడుసార్లు చదివింది. బయట వాన. వసుంధర గొడుగు పట్టుకుని నిలబడే ఉంది. చివరికి ఆమె కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టి, కారు తిప్పుకుని వెళ్ళిపోయింది.

పసుపు రంగు నక్షత్రాల బ్యాడ్జీలు కూడా నేనే ప్రింటు తీశాను. వాటి మీద 'ఐ వాజ్ బోల్డ్ టుడే' అని ఉంటుంది. ఏ పిల్లయినా ధైర్యం చూపించిన రోజున వసుంధర గుండె మీద అంటించి పంపేది. అంటే ఈ ఊరి భాషలో, నేను ఇవాళ అల్లరి చేశాను అని పిల్లలు పతకాలు పెట్టుకుని ఇంటికెళ్ళేవాళ్ళన్నమాట.

మొదటి పతకం ఫీయాకి, బురదగుంటలో కూర్చున్నందుకు. రెండోదీ ఫీయాకే, లేవనన్నందుకు. సాయంత్రం గేటు దగ్గర కాహల్ టోపీ తీసి, దాని తరఫున సారీ అన్నాడు. "సారీ ఎందుకండీ, మాకెంత గర్వంగా ఉందో!" అంది వసుంధర. కాహల్ టోపీ పెట్టుకుని, రైట్ అని వెళ్ళిపోయాడు. మర్నాడు డజను కోడిగుడ్లు తెచ్చి గేటు మీద పెట్టాడు.

మేం అవి కృతజ్ఞత అనుకున్నాం. అవి లంచం. ఈ పిల్ల మీద కాస్త దయ చూపించి దారిలో పెట్టండమ్మా అని వేడుకోలు. పిల్లలు ఎంత అల్లరి చేస్తే అన్ని గుడ్లు. ఒకరు రూబార్బ్ కాడలు తెచ్చారు, ఒకరు పొయ్యిలో మండించే టర్ఫ్ మట్టి ఇటుకలు తెచ్చారు. నేను రూబార్బ్ పప్పు తిని, గోంగూరకి తక్కువేం కాదని మెచ్చుకుని, చూశావా మన పనితనం ఈ ఊళ్ళో ఎంత గుర్తింపు పొందిందో అన్నాను. ఇంట్లో గుడ్ల పులుసు, గుడ్ల వేపుడు, మళ్ళీ పులుసు. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాణ్ణని నాకు ఆఫీసులో పేరు. అన్ని గుడ్లు చేతుల మీదుగా పోయినా ఒక్క ఈక పీకి చూడాలని తోచలేదు.

మే మొదటి ఆదివారం ఫీయా ఇంటి దగ్గర గొళ్ళెం తీసి పదకొండు దూడల్ని వదిలేసింది. అప్పటికి చర్చిలోకి జనాన్ని రానివ్వడం లేదు. ఫాదరు గారు ఖాళీ చర్చిలో ఒక్కరే ప్రార్థన చేస్తుంటే ఊరంతా ఫోన్లలో చూస్తుంది. గాలి ఆడాలని తలుపులు బార్లా తీసి ఉన్నాయి. దూడలు నడవలో వరసగా వచ్చి నిలబడ్డాయి. ఏడాదిగా మనిషి మొహం చూడని ఫాదరు గారు తలెత్తి చూసి, మానకుండా ప్రార్థన పూర్తి చేశారు. సోమవారం వసుంధర నోట్సులో ఇలా రాసుకుంది: 'ఫీయా అసాధారణమైన బోల్డ్‌నెస్ ప్రదర్శించింది. ఎవరి సాయం లేకుండా గొళ్ళెం తీసింది. అన్వేషణ, ఆలోచన రెండూ కనిపిస్తున్నాయి.' కింద తండ్రి సంతకం ఉండాలి. కాహల్ పెట్టాడు. పక్కన గ్రాండ్ అని కూడా రాశాడు.

ఓషీన్ మాత్రం బీరువాలోనే ఉన్నాడు. వసుంధర రోజూ ఆ తలుపు పక్కన నేల మీద కూర్చునేది. ఒక క్యారట్ ముక్క లోపలికి చాపి, ఇది తింటావా, వద్దంటే వద్దని చెప్పు అనేది. చిన్న చెయ్యి వచ్చి క్యారట్ తీసుకునేది. వాడికి క్యారట్ ఇష్టం లేదని తల్లి చెప్పింది. అయినా బుద్ధిగా తినేసేవాడు. మూడు వారాలు అలాగే జరిగింది. ఇంటికొచ్చి ఈవిడ గుడ్ల పులుసు ముందు కూర్చుని తినేది కాదు. "వాడు నాలాగే ఉన్నాడండీ, ఏది పెడితే అది తినేస్తున్నాడు" అంది. నాకు గుచ్చుకుంది.

నాలుగో వారం బుధవారం, క్యారట్ చాపితే బీరువాలోంచి "నో" అని వినిపించింది.

వసుంధర ఆ క్యారట్ తనే తినేసి, బాత్‌రూములోకెళ్ళి ఏడ్చి, మళ్ళీ మాస్కు పెట్టుకుని వచ్చి వాడికి బ్యాడ్జీ ఇచ్చింది. ఆ తర్వాత వాడు ఆగలేదు. గురువారం పాలకి నో. శుక్రవారం అన్నిటికీ నో. ఐదో వారం బీరువాలోంచి బయటికే వచ్చేశాడు. బ్రీడా కాగితాల కోసం అందులోకెళితే, బయట నుంచి తలుపు వేసి గడియ పెట్టాడు. లోపల్నుంచి బ్రీడా, నేను గ్రాండ్‌గానే ఉన్నాను అని కేకలు. వసుంధర గడియ తియ్యకుండా ముందు నోట్సు రాసుకుంది. మూడు పేజీలు వచ్చాయి. ఆ తర్వాత తీసింది.

జూన్ పదిహేడు గురువారం మౌఖిక పరీక్ష. అంతకు ముందు సోమవారం లోహిత స్కూలు నుంచి ఈమెయిల్లో రిపోర్టు వచ్చింది. చదువులో బాగుంది, స్నేహంగా ఉంటుంది, ఏనాడూ బోల్డ్ కాదు అని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాను.

"మా అమ్మాయి బోల్డ్ కాదని ఎలా రాస్తారండీ?"

"అది ... మంచి విషయమే కదా?"

"మంచి విషయమా? లూకన్‌లో మా పిల్ల చాలా బోల్డ్. అక్కడి టీచరే స్వయంగా చెప్పారు!"

"ఆ సంగతి మాకెవరూ చెప్పలేదే" అన్నాడాయన మెల్లగా. "ఇక్కడ కూడా బోల్డ్‌గా ఉండాలని మీ కోరికా?"

"తండ్రిగా నా బాధ్యత!"

"గ్రాండ్" అన్నాడాయన.

ఫోన్ పెట్టేసి చూస్తే లోహిత తలుపు దగ్గర నిలబడి ఉంది, వెనకే వాళ్ళమ్మ. మొహం ఎర్రగా కందిపోయింది.

"డాడీ, స్టాప్. బోల్డ్ మీన్స్ నాటీ. ఇట్ జస్ట్ మీన్స్ నాటీ."

అప్పుడు మొత్తం బయటపడింది. లూకన్‌లో సెకండ్ క్లాసులో ఉండగా ఇది క్లాసులో అందరి ఎడమ కాలి బూట్లూ తీసుకెళ్ళి చెత్తబుట్టలో దాచింది. టీచరు మమ్మల్ని పిలిచి, మీ పిల్ల కాస్త బోల్డ్ అంది. మేం ఆనందంతో ఉబ్బితబ్బిబ్బయి దాన్ని ఐస్‌క్రీముకి తీసుకెళ్ళాం. ఆ ఐస్‌క్రీము ఎక్కడ వెనక్కి లాక్కుంటామోనని ఇది నాలుగేళ్ళుగా నోరు మూసుకుని కూర్చుంది.

"ఐ వాజ్ గోయింగ్ టు టెల్ యూ, అమ్మా. దెన్ యూ వర్ సో హ్యాపీ" అని ఏడ్చింది.

వసుంధర దాన్ని కోప్పడలేదు. నన్ను కోప్పడి ఉంటే బాగుండేది, అదీ లేదు. మెట్ల మీద కూర్చుని, మిగిలిన పసుపు నక్షత్రాలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటే బోర్లా తిప్పింది. "పద్నాలుగు ఇళ్ళ వాళ్ళండీ. రోజూ వచ్చి సారీ చెప్పారు. నేను గర్వంగా ఉందన్నాను" అంది. తర్వాత ల్యాప్‌టాప్ తీసి ప్రాజెక్టు ఉపసంహరించుకుంటున్నానని కాలేజీకి ఉత్తరం టైపు చేసింది. పంపలేదు. బ్రీడాకి చెప్పాక పంపుతానంది.

మంగళవారం పిల్లలంతా వెళ్ళిపోయాక నేనూ వెంట వెళ్ళాను. బ్రీడా అంతా విని కెటిల్ ఆన్ చేసింది.

"మాకు తెలుసమ్మా" అంది. "అంటే, ఏదో తేడాగా ఉందని తెలుసు. కానీ నువ్వు అంత సంతోషంగా అడిగితే నీతో ఎవరు చెబుతారు?"

"మీరు చెప్పొచ్చు కదండీ" అన్నాను నేను.

"నన్ను బీరువాలోనే ఉంచి నోట్సు రాసింది మీ ఆవిడ. అప్పుడు కూడా చెప్పలేకపోయాను" అంది బ్రీడా. దీన్నే మనవాళ్ళు తిలాపాపం తలా పిడికెడు అంటారు.

ప్రాజెక్టు మీద తల్లిదండ్రులు రాసిచ్చిన అభిప్రాయాల కవర్లు డబ్బాలో ఉన్నాయి. పరీక్షకి అవి కావాలి. బ్రీడా చింపింది. పదమూడు కవర్లు. పదమూడింటిలోనూ ఒకే మాట: గ్రాండ్. కాహల్ మాత్రం, గ్రాండ్, థాంక్స్, దూడలన్నీ దొరికాయి అని రాశాడు. ఈఫా కవరు రాలేదు.

"నా మాట విను. ప్రొవొకేటివ్ అని రాసిందంటే, ఆ ట్యూటరు నువ్వు కావాలనే చేశావనుకుంటోంది. అనుకోనీ. అడిగితే తల ఊపు" అంది బ్రీడా. నేనూ అదే అన్నాను. ఒక్క ఊఁ చాలు, డిగ్రీ చేతికొస్తుంది అన్నాను. జీవితమంతా అన్నిటికీ ఊఁ అన్న మనిషికి ఈ ఒక్క ఊఁ ఎంత పని? వసుంధర ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది. ఉత్తరం పంపనూ లేదు, చెరపనూ లేదు.

గురువారం ఉదయం ఈఫా కారు మా ఇంటి ముందు ఆగింది. నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కవరు గేటు మీద పెట్టి, ఆలస్యమైనందుకు సారీ అని వెళ్ళిపోయింది. వసుంధర దాన్ని చదువుకుని మడిచి స్వెట్టరు జేబులో పెట్టుకుంది. నాకు చూపించలేదు.

పదకొండు గంటలకి మెట్ల పైమలుపు దగ్గర, బట్టల బుట్ట బోర్లించి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టాం. నేను ఆఫీసు మీటింగు మానేసి రెండు మెట్ల కింద కూర్చుని ఛార్జరు వైరు ఊడకుండా పట్టుకున్నాను. డాక్టర్ ఓర్లా తెర మీద ప్రత్యక్షమై అరగంట ప్రశ్నలు వేసింది. వసుంధర బాగానే చెప్పింది. చివరికి అసలు సంగతి వచ్చింది.

"మమ్మల్నందరినీ చిన్నప్పుడు తిట్టిన మాట ఇది. దాన్ని తీసుకుని బహుమతి చేశారు. ఎంత సాహసం! రికార్డు కోసం అడుగుతున్నాను, ఈ మాటని ఇక్కడి అర్థం తెలిసే ఎంచుకున్నారు కదూ?"

నేను కింద నుంచి తల గంగిరెద్దులా ఊపాను. ఊఁ అను, ఊఁ అను.

"నో" అంది వసుంధర.

బీరువాలోంచి ఆ పిల్లాడు అన్న నో లాగే ఉంది, చిన్నగా, గట్టిగా.

"నాకు తెలీదు. మా దేశంలో ఆ మాటకి ధైర్యం అని అర్థం. మా ఆయన్ని అడిగాను. ఆయనకీ తెలీదు. సంతకాలు పెట్టినవాళ్ళలో పదమూడు మంది మొహమాటానికి పెట్టారు. అవి సమ్మతి కింద లెక్కకి రావు. ఒక్కరే తెలిసి, కావాలని పెట్టారు. ఆ ఉత్తరం చదవొచ్చా?"

డాక్టర్ ఓర్లా చదవమంది. వసుంధర జేబులోంచి కాగితం తీసింది.

"ఆ ఫారం మూడుసార్లు చదివాను. ఆ మాటకి అర్థం నాకు తెలుసు, మీకు తెలీదేమోనని కూడా అనుమానం వచ్చింది. చెబితే ఆపేస్తారని చెప్పలేదు. ఏడాదికి పైగా నా కొడుకు ఏ తప్పూ చెయ్యలేదు. నేను ఇంట్లోకి వస్తే గోడకి ఆనుకుని నిలబడతాడు, నేను స్నానం చేసేదాకా. ఎవరూ చెప్పకుండానే. పనిలో ఎంతమందో నా కళ్ళముందే పోయారు, అప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. మొన్న మంగళవారం వాడు నా బూటులో పాలు పోసి నవ్వుతూ పరిగెత్తాడు. నేను ఆ బూటు పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను. నేను సంతకం పెట్టింది దీనికే. దయచేసి ఆపకండి."

తెర మీద డాక్టర్ ఓర్లా కళ్ళజోడు తీసింది. ఇంటర్నెట్ ఆగిపోయిందేమోనని నేను వైరు కదిపి చూశాను. ఆగలేదు, ఆవిడే కదలడం లేదు.

"ఇప్పుడు మీరు చెప్పింది ఉన్నదున్నట్టు మొదటి పేజీలో రాయండి" అంది చివరికి. "ఆ పదమూడు మంది దగ్గరికీ మళ్ళీ వెళ్ళి, మీరు అనుకున్న అర్థం చెప్పి, మళ్ళీ అడగండి. ఒప్పుకోని వాళ్ళవి తీసేయండి. పేరు మాత్రం మార్చొద్దు. అధికారికంగా రావడానికి రెండు వారాలు పడుతుంది గానీ, మీరు పాసయ్యారు."

లోహిత గదిలోంచి పరిగెత్తుకొచ్చి వాళ్ళమ్మ మీద పడింది. నేను లేవబోయి వైరు లాగేశాను, తెర ఆరిపోయింది. వసుంధర నావైపు తిరిగింది. "తల అలా ఊపకండి, అసహ్యంగా ఉంది" అంది. పదిహేనేళ్ళలో ఆవిడ నన్ను అన్న మొదటి గట్టి మాట అదే. నాకు చాలా సంతోషం వేసింది, కాస్త భయం కూడా వేసింది.

ఆ వారమంతా ఆవిడ ఇంటింటికీ వెళ్ళి, రెండు మీటర్ల దూరంలో నిలబడి, తప్పు ఒప్పుకుని మళ్ళీ సంతకాలు అడిగింది. ఇద్దరు ధైర్యం చేసి వద్దన్నారు. వాళ్ళకి ఆవిడ మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పింది. కాహల్ చాలాసేపు ఆలోచించి పెట్టాడు. గుడ్లు మాత్రం మానేశాడు.

జూన్ నెలాఖరున బడికి ఆఖరి రోజు. వసుంధర బూట్లు బయట మెట్టు మీద విప్పి, లోపల వేరే చెప్పులేసుకుంటుంది. సాయంత్రం పిల్లల్ని ఒక్కొక్కరినే గేటు దగ్గరికి పంపుతోంది. నేను కారులో కూర్చుని చూస్తున్నాను. ఓషీన్ వంతు వచ్చింది. వాడు నాలుగడుగులు వేసి ఆగాడు. నీళ్ళ సీసా మూత తీశాడు. వసుంధర బూటులోకి నెమ్మదిగా, ఒక్క చుక్క కూడా కింద పడకుండా సీసా అంతా వంపేశాడు. ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, కిలకిలా నవ్వుతూ గేటువైపు పరిగెత్తాడు. డ్యూటీ బట్టల్లోనే వచ్చిన వాళ్ళమ్మ కాళ్ళకి చుట్టుకుపోయాడు.

గేటు బయట తల్లిదండ్రులంతా వరసలో నిలబడి చూశారు. కాహల్ అలవాటు కొద్దీ టోపీ తీసి తనే సారీ చెప్పాడు. ఈఫా మాత్రం చెప్పలేదు.